మువ్వలు మింగిన స్పీకర్లు

మా ఆయన ఓపికకు రైల్వే కాలనీలో పెద్ద పేరుండేది. నేను పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏదో ఒకటి సణుగుతూనే ఉంటాను. ఆయన మాత్రం పేపరు మీంచి ఒకసారి చూసి "ఆల్ రైట్" అంటాడు. పక్క క్వార్టర్ల ఆడవాళ్ళు తమ మొగుళ్ళకు ఆయన్ని చూపించి, మగాడంటే అలా ఉండాలని బుద్ధి చెప్పేవారు. నేనూ నమ్మాను. ఇంత నోరున్న దానికి అంత నెమ్మదైన మొగుణ్ణి ఇచ్చినందుకు దేవుడికి లోలోపల దండం కూడా పెట్టుకున్నాను. ఆ ఓపిక అసలు సంగతి బయటపడటానికి మా ఇంట్లోకి వైర్లు లేని మ్యూజిక్ సిస్టమ్ రావలసి వచ్చింది.

ఆయన కిరండూల్ లైన్లో గూడ్సు బండి లోకో పైలట్. పూర్వం ఇంజను డ్రైవరు అనేవాళ్ళం, ఇప్పుడు పైలట్ అంటేనే పలుకుతారు. కొండల్లోంచి ఇనుప రాయి నింపుకొని విశాఖపట్నం వైపు దిగే బండ్లు. దారంతా మలుపులు, సొరంగాలు. మలుపుకో హారన్, సొరంగానికో హారన్. సర్వీసంతా ఆ కిటికీ పక్కనే గడిచిపోయింది. రిటైరయ్యాక ఏం చేస్తారని అడిగితే తోటివాళ్ళలో ఒకరు కాశీ అనేవారు, ఒకరు విజయనగరంలో ఫ్లాట్ అనేవారు. ఈయన మాత్రం, "కూకోని పాటలింతాను. మరేటీ సెయ్యను" అనేవాడు. అందరూ నవ్వేవారు. నేను నవ్వలేదు. ఆ 'మరేటీ సెయ్యను' అన్న మాట తప్పకుండా నిలబెట్టుకుంటాడని నాకు తెలుసు.

రిటైరయ్యాక మేము శ్రీకాకుళం వైపు వెనక్కి పోలేదు. ఆ లైన్లోనే, ఛత్తీస్‌గఢ్ జగదల్‌పూర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాం. బజార్లో హిందీ, గేటు దగ్గర కూరగాయలావిడతో అక్కడి హల్బీ, ఇంట్లో మా యాస. కాలనీ బడిలో పిల్లలకు పాఠాలు చెప్పిన రోజుల నుంచి మూడు భాషల్లో తిట్టడం నాకు అలవాటు. ఒక్క భాషతో సరిపెట్టుకునే ఊళ్ళో నాకేం తోస్తుంది?

పాటలంటే ఆయనకు అన్ని పాటలూ కాదు. ముందుగా ఒక పాట ఉంది. పాత సినిమా పాట. మా పెళ్ళిచూపుల రోజు పక్కింటి రేడియోలో వస్తోందట. రెండో చరణానికి ముందు వాద్యాలన్నీ ఆగిపోయి, మువ్వలు మాత్రమే మోగుతాయి, ఎవరో నాలుగడుగులు వేసి ఆగినట్టు. అది ఆయన మనసులో ఉండిపోయింది. ఇంజన్లో ఉన్నప్పుడు ఆ మువ్వల్ని తలుచుకునేవాణ్ణని నాకే చాలాసార్లు చెప్పాడు. పెళ్ళిచూపుల్లో నేను కట్టుకున్న చీర రంగు ఏమిటో అడిగి చూడండి, తెలీదు. మువ్వలు గుర్తున్నాయి.

ఇక్కడ మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. ఇంజన్లో ఇద్దరుంటారు, పైలట్, అసిస్టెంట్. దూరాన సిగ్నల్ కనపడగానే ఒకరు చెయ్యి చాపి దాని రంగు గట్టిగా చెప్పాలి. రెండోవారు తామూ కళ్ళతో చూసి, చెయ్యి చాపి, అదే మాట తిప్పి చెప్పాలి. దాన్ని కాల్ అంటారు. ఇద్దరి మాటా కలిస్తేనే బండి నడుస్తుంది, కలవకపోతే ఆపాలి. మా ఆయన ఈ పద్ధతిని ఇంటికి మోసుకొచ్చాడు. హాల్లోంచి "గ్యాస్?" అని కేకేస్తాడు. నేను వంటింట్లోంచి చెయ్యి పైకెత్తి "బంద్!" అనాలి. ఆయన నా చెయ్యి చూసి, "బంద్, ఆల్ రైట్" అని ముగిస్తాడు. గేటుకు ఒక కాల్, నీళ్ళ మోటారుకు ఒక కాల్, బీరువా తాళానికి ఒక కాల్. చెయ్యి ఎత్తకపోతే ఒప్పుకునేవాడు కాదు. "మాటొక్కటే సాలదే, సెయ్యి కనబడాల" అనేవాడు. కొత్త కాపురంలో మా అత్తగారు వచ్చి, వంటింట్లో నేను గాలిలోకి చేతులెత్తి అరవడం చూసి, కోడలికి ఏదో సోకిందని తాయెత్తు కట్టించింది.

రిటైర్మెంట్ రోజున తోటివాళ్ళు ఒక శాలువా, ఒక ఇంజను బొమ్మ, ఒక బ్లూటూత్ స్పీకరు ఇచ్చారు. స్పీకరు కొబ్బరికాయంత ఉంటుంది. ఇంటికి రాగానే ఫోన్లో పాట పెట్టి, దానికి కలిపి, కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. మొదటి చరణం అయింది. వాద్యాలు ఆగాయి. ఆయన ముఖం కూడా ఆగిపోయింది.

"మువ్వలు రానేదు" అన్నాడు.

"వచ్చాయి కదండీ" అన్నాను నేను, చిక్కుళ్ళు తుంచుకుంటూ.

ఆయన నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. అక్కడ మొదలైంది మా ఇంటి మీదికి దండయాత్ర.

ఆ వారమంతా ఫోన్లో వీడియోలు చూశాడు. బ్లూటూత్ పాటను ఉన్నదున్నట్టు పంపదట. నలిపి, చిన్న మూట కట్టి పంపుతుందట. ఆ నలపడంలో సన్నసన్న చప్పుళ్ళు రాలిపోతాయట. అది విన్నాక ఆయనకు దొంగ దొరికినంత సంబరమయింది. మువ్వలు పోయింది అక్కడే! ఇక బ్లూటూత్ మాట ఇంట్లో ఎత్తకూడదు. వైఫై మీద రావాలి, నలపకుండా రావాలి. నలపని పాటను లాస్‌లెస్ అంటారు. ఆ మాట ఆయన రోజుకు ఎన్నిసార్లు అన్నాడంటే, కూరగాయలావిడ కూడా నేర్చుకుంది.

నలపని పాట కావాలంటే ముందు దాన్ని ఇచ్చే యాప్ కావాలి. వైఫైలోంచి పాటను పట్టే డబ్బా ఒకటి కావాలి. దాన్ని మన చెవికి పనికొచ్చేట్టు మార్చే ఇంకో డబ్బా కావాలి. ఆ పైన ఆంప్లిఫయరు, స్పీకర్లు. ఇవన్నీ ఆయన ఒక్కొక్కటిగా తెప్పించాడు. ప్రతి డబ్బాకూ ఒక నీలం లైటు. మా హాలు చిన్న స్టేషను యార్డులా తయారైంది. వైఫై రౌటర్ వంటింటి గోడ వెనక ఉంటే సిగ్నల్ సరిగా రావడం లేదని, దాన్ని తెచ్చి నా పూజ గూట్లో పెట్టాడు. దేవుళ్ళు కొంచెం పక్కకు జరిగారు. నేను జరగమన్నప్పుడు ఏనాడూ జరగని మనిషి, పాట కోసం దేవుళ్ళను జరిపాడు.

యాప్‌లతో పడ్డ పాట్లు ఇంకొక రకం. ఒకదాంట్లో పాత తెలుగు పాటలన్నీ ఉన్నాయి, కానీ నలిపినవే. ఇంకోదాంట్లో లాస్‌లెస్ ఉంది, తెలుగు పాటలే లేవు. ఉన్న నాలుగింటికీ పాడినవాళ్ళ పేర్లు తారుమారు. మూడోదాంట్లో మా పాట దొరికింది, దొరికితే ఏం, ఎవరో పుణ్యాత్ముడు దానికి కొత్త డ్రమ్ములు కలిపాడు. చివరికి ఆయన పాత సీడీ ఒకటి సంపాదించి, దాన్ని పాత లాప్‌టాప్‌లోకి నలపకుండా ఎక్కించి, ఇంట్లోనే సొంత రేడియో స్టేషన్ లాంటిది పెట్టాడు. ఆ సాఫ్ట్‌వేర్ ఎంపిక చెయ్యడానికి వర్షాకాలం సగం పోయింది. ప్రతి యాప్‌కూ అదే పాట, అదే కుర్చీ. రెండో చరణం దగ్గరికి రాగానే అదే మాట.

"మువ్వలు రానేదే."

నాకు మొదటి రోజు కొబ్బరికాయ స్పీకర్లో కూడా మువ్వలు వినపడ్డాయి. ఆ మాట అంటే, "నీకలాగే ఉంటాదిలే. అవి మువ్వలు కావు, మువ్వల నీడ" అనేవాడు. ఈ భాషంతా వీడియోల్లో నేర్చింది. ఆ వీడియోల్లో మనుషులు కళ్ళు మూసుకుని, పాటలో గాలి లేదంటారు, ఒళ్ళు లేదంటారు, లోతు లేదంటారు. ఉన్న పాటలో లేనివి వెతకడమే వాళ్ళ పని. అందుకే మా ఆయన మువ్వలు లేవంటే, అది కూడా ఆ జాతి లేకపోవడమే అనుకున్నాను. నావి నాటు చెవులని, ఆయనవి ముదిరిన చెవులని తీర్మానించుకుని చిక్కుళ్ళు తుంచుకున్నాను.

ఒకసారి నన్ను కూడా బజారుకు తీసుకెళ్ళాడు, స్పీకర్లు చూడటానికి. దుకాణం అతను మమ్మల్ని చూడగానే, "బేస్ దేఖియే సాబ్, బేస్!" అని పెద్ద డోళ్ళంత స్పీకర్లు మోగించాడు. బల్ల మీద చాయ్ గ్లాసులు వణికాయి. నా గుండె కూడా వణికింది. మా ఆయన ముఖం మాత్రం పున్నమి చంద్రుడిలా వెలిగింది. "ఇదీ సౌండంటే!" అన్నాడు. ఆ పాట పెట్టించాడు. మువ్వల దగ్గర మళ్ళీ ముఖం మబ్బేసింది. "ఇవి లావు చప్పుళ్ళకేనే. సన్నవాటికి వేరే ఉండాల" అని బయటికి నడిచాడు. దుకాణం అతను నా వైపు జాలిగా చూశాడు, నేనూ అతని వైపు జాలిగా చూశాను.

సన్నవాటికి వేరేవి రాయ్‌పూర్ నుంచి వచ్చాయి. చూడటానికి రెండు చిన్న చెక్కపెట్టెలు. కింద పెద్ద గుండ్రం, పైన చిన్న గుండ్రం. ఆ చిన్నదాన్ని ట్వీటర్ అంటారట, సన్న చప్పుళ్ళన్నీ దాని పనేనట. దాన్ని పట్టు గుడ్డతో చేశారట. ఎన్నో పండగలకు నేను పట్టుచీర అడిగితే, మన ఎండలకు పట్టు పనికిరాదన్న మనిషి, స్పీకర్లకు పట్టు కట్టించి తెచ్చాడు.

అప్పుడే మా పక్కింటి వదిన గిన్నెతో బోడా కూర పట్టుకుని వచ్చింది. బోడా అంటే మా ప్రాంతంలో వానలకు సాల్ చెట్ల కింద మొలిచే పుట్టగొడుగులు. వదినది భద్రాచలం అవతల కొంటా ఊరు. ఆదివారం ప్రార్థనలో పాట అందుకునేది ఆవిడే. మంచి గొంతు, అంతకన్నా మంచి చెవులు. వచ్చేసరికి పాట నడుస్తోంది. మువ్వల దగ్గర ఆవిడ గిన్నె పట్టుకునే కాలు కదిపింది.

"ఏంది వదినె, ఎంత ముద్దుగ మోగుతున్నయో ఆ మువ్వలు!" అంది.

ఆయన తిరిగి చూడలేదు. స్పీకర్ల వైపే చూస్తూ, "ఈ ట్వీటర్లు సచ్చిపోయినాయి. తోవలో లారీ కుదుపులకి పోయుంటాయి. వాపసు పంపీయాల" అన్నాడు. వదిన నా వైపు చూసింది. నేను కళ్ళు పైకి తిప్పాను. మగవాళ్ళ మీద చర్చకు మాకు మాటలు అక్కర్లేదు.

వాపసు పంపుతానని అమ్మినవాళ్ళకు ఫోన్ చేశాడు. పంపే ముందు ఒక పరీక్ష చెయ్యమన్నారట. అందుకొక యాప్ ఉంది. అది లావు చప్పుడుతో మొదలుపెట్టి, ఆపకుండా సన్నంగా, ఇంకా సన్నంగా తీసుకుపోతుంది. ఎక్కడ చప్పుడు ఆగిపోతే అక్కడ ట్వీటర్ పనిచెయ్యనట్టు. ఆయన ఈ పరీక్షను ఆషామాషీగా చేస్తాడా? మర్నాడు మధ్యాహ్నం వాన ఆగి, కరెంటు నిలకడగా ఉన్న సమయం చూసి, నన్నూ వదిననూ హాల్లో కుర్చీల్లో కూర్చోబెట్టాడు. ఒంటి మాట చెల్లదు కాబట్టి సాక్షులు కావాలి. చప్పుడు వినపడుతున్నంతసేపూ అందరూ చెయ్యి ఎత్తి ఉంచాలి. ఆగగానే దించాలి. ఆయన కాల్ ఇస్తాడు, మేం తిప్పి చెప్పాలి.

"బండి ఎప్పుడు కదుల్తది అన్నయ్యా?" అంది వదిన చెయ్యెత్తి, నవ్వు ఆపుకుంటూ.

బండి కదిలింది. ముందు నేల కింద నుంచి ఏదో మూలుగు. తర్వాత లారీ హారన్ లాంటిది. తర్వాత కుక్కరు ఈల. అక్కడి నుంచి ఇంకా పైకి. ముగ్గురి చేతులూ గాల్లోనే ఉన్నాయి. ఈల సన్నబడింది, సూదిలా అయింది, నా పళ్ళు జివ్వుమన్నాయి.

ఆయన చెయ్యి దించాడు. "బంద్!" అని కాల్ ఇచ్చాడు.

చప్పుడు ఇంకా మోగుతూనే ఉంది. వదిన ఒక కన్ను మూసుకుని భరిస్తోంది. నా చెయ్యి పైనే ఉంది, ఆవిడ చెయ్యి కూడా పైనే ఉంది.

"బంద్!" అన్నాడు మళ్ళీ, ఇంకా గట్టిగా. నేను తిప్పి చెప్పడం కోసం చూశాడు.

నేను చెప్పలేదు. పెళ్ళయినప్పటి నుంచి నేను కాల్ తిప్పి చెప్పకపోవడం అదే మొదటిసారి. చెయ్యి దించేసి 'బంద్' అంటే ఆ పూటకు గడిచిపోయేది, స్పీకర్లు వాపసు పోయేవి, ఆయన ఇంకో జత తెప్పించుకునేవాడు. కానీ చూడనిది చూశానని కాల్ ఇవ్వకూడదని నాకు నేర్పింది ఆయనే. నా చెయ్యి దిగలేదు.

వదిన మెల్లగా, "అన్నయ్యా, ఇంకా మోగుతాంది గదా" అంది.

ఆయన ఆవిడ పెదాల వైపు చూశాడు. తర్వాత మా ఇద్దరి చేతుల వైపు చూశాడు. ఫోన్ తెర మీద ఇంకా పైకి పాకుతున్న గీతను చూశాడు. లేచి వెళ్ళి స్పీకరు ముందు వంగి, ఆ పట్టు బిళ్ళకు చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. ఒక చెవి అయ్యాక రెండో చెవి. నాకు భయమేసింది. ఏడుపు కూడా వచ్చింది. ఆయన వైపు నుంచి చూస్తే ఆ గదిలో ఏ చప్పుడూ లేదు, ఇద్దరు ఆడవాళ్ళు ఊరికే చేతులెత్తుకుని కూర్చున్నారు.

"మరి బండి ఆగాల" అని, ఫోన్ అందుకుని ఆపేశాడు.

ఆ తర్వాత ఆయన ఒక్క పాట కూడా పెట్టలేదు. రిటైర్మెంట్ శాలువా తెచ్చి స్పీకర్ల మీద కప్పేశాడు. నీలం లైట్లన్నీ ఆర్పేశాడు. రౌటర్ తీసి పాత చోట పెట్టి, దేవుళ్ళను మళ్ళీ సర్దాడు. నేను తిట్టాను, బతిమాలాను, వదినతో చెప్పించాను. ఒక్కటే మాట అన్నాడు.

"సర్వీసంతా ఆ మువ్వల్ని దాసుకున్నానే. తీరా కూకున్నాక సెవుల్లేవు."

అంతకన్నా ఘోరం ఏమిటంటే, కాల్స్ ఆగిపోయాయి. గ్యాస్ కట్టేశానా లేదా అని తనే వంటింట్లోకి వచ్చి చూసుకుని, మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. గేటు గొళ్ళెం తనే వేసుకునేవాడు. ఇన్నేళ్ళూ ఆ కాల్స్‌ను తిట్టని రోజు లేదు. ఇప్పుడు పొయ్యి దగ్గర నిలబడి, ఎవరూ అడగకుండానే చెయ్యి కొంచెం పైకి లేచి, మళ్ళీ దిగిపోయేది.

చివరికి నా బడి గొంతు బయటికి తీశాను. అది గోడలు దాటి వినపడే గొంతు, ఆయనకూ వినపడింది. విశాఖపట్నంలో చెవుల డాక్టరు దగ్గరికి బయలుదేరాం, ఆయన నడిపిన ఆ లైన్ మీదనే. సొరంగాలు వచ్చినప్పుడల్లా ఇంజను హారన్ కొట్టింది. "అది మాత్రం బాగా ఇనపడతంది" అన్నాడు కిటికీలోంచి చూస్తూ. నేను ఆ హారన్‌ను ఆ రోజు తిట్టినట్టు ఇంకెవర్నీ తిట్టలేదు.

డాక్టరు ఒక చిన్న వయసు అమ్మాయి. ఆయన్ని గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్షలు చేసి, ఒక గీత ఉన్న కాగితం ముందు పెట్టింది. గీత ఎడమ పక్క బల్లపరుపుగా ఉండి, కుడి పక్కకు వచ్చేసరికి నిలువునా కిందికి దిగిపోయింది.

"ఇది మా కొండ దిగే ఘాట్ సెక్షనే" అన్నాడు ఆయన.

లావు గొంతులు, ఇంజన్లు, డోళ్ళు ఆయనకు చక్కగా వినపడతాయని ఆ అమ్మాయి చెప్పింది. పోయినవి సన్న చప్పుళ్ళు. పిట్టలు, గంటలు, పిల్లల గొంతులు, ఆడవాళ్ళు నెమ్మదిగా మాట్లాడే మాటలు. ఒక్కసారిగా పోలేదు, కొంచెం కొంచెంగా పోవడంతో మనిషికే తెలియలేదు. "మరి ఇంట్లో ఆంటీ చెప్పేవి ఎలా తెలిసేవండీ?" అని అడిగింది. ఆయన చెయ్యి పైకెత్తి చూపించాడు. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. నేను మా కాల్స్ సంగతి చెప్పాను. మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "అయితే ఏం జవాబు వస్తుందో అంకుల్‌కి ముందే తెలుసు, చెయ్యి కూడా కనపడుతుంది. వినపడకపోయినా ఇద్దరికీ తెలిసే అవకాశమే లేదు" అంది.

నాకు అప్పుడు వెలిగింది. కాలనీ అంతా మెచ్చుకున్న ఆ ఓపిక! నేను సణిగిందంతా ఆడవాళ్ళు నెమ్మదిగా మాట్లాడే మాటల్లోకే వస్తుంది. ఆయన పెట్టిన ఆల్ రైట్‌లన్నీ నా చేతికి పెట్టినవి, నా మాటకు కాదు. దేవుడికి పెట్టుకున్న దండాలు వాపసు తీసుకునే వీలుంటే అక్కడికక్కడే తీసుకునేదాన్ని. కోపం, జాలి కలిసి వచ్చాయి, దేన్ని ముందు బయటికి తియ్యాలో తెలియక ఆయన చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాను. ఎందుకు నొక్కానో ఆయనకు తెలీదు.

చెవి మిషన్లు పెట్టుకోవాలంటే ఆయన బిగుసుకుపోయాడు. తనకేమీ ముసలితనం రాలేదన్నాడు. అప్పుడు డాక్టరమ్మాయి, ఇవి ఫోన్‌కు కలుస్తాయని, పాటలు నేరుగా చెవుల్లోకే వస్తాయని చెప్పింది. ఆయన ముందుకు వంగాడు.

"వైఫై మీదా?"

"కాదండీ, బ్లూటూత్."

"అంటే నలిపే పంపుతాదా?" అన్నాడు, ఎవరో చెంప మీద కొట్టినంత బాధగా.

"నలుపుతుందో చితక్కొడుతుందో, ముందు చెవిలో పడనియ్యండి" అన్నాను నేను, బడి గొంతుతో. బయట వరసలో కూర్చున్నవాళ్ళు కూడా లేచి చూశారు.

ఇంటికి వచ్చిన రోజు వదిన కూడా వచ్చింది. ఆయన కుర్చీలో కూర్చుని, ఫోన్లో ఆ పాట పెట్టాడు. పాట ఆయన చెవుల్లోనే నడుస్తోంది, మాకు వినపడదు. మేమిద్దరం ఆయన ముఖం చూస్తూ కూర్చున్నాం. మొదటి చరణం అయినట్టుంది. ఆయన ఒళ్ళంతా బిగబట్టాడు. మెల్లగా చెయ్యి పైకి లేచింది.

"వచ్చినాయి" అన్నాడు.

వదిన ప్రార్థనలో అన్నట్టు స్తోత్రం అంది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే, "ఇంతేనేటి? ఇంత చిన్నవా ఇవి? నాను గుడి గంటలంత ఉంటాయనుకున్నాను" అన్నాడు. ఆ తర్వాత మువ్వలు కొంచెం రేకు డబ్బాలా ఉన్నాయన్నాడు. ఇంకా తర్వాత, రికార్డింగులోనే తేడా ఉందన్నాడు. మనిషి మళ్ళీ దారిలో పడ్డాడని నాకు ధైర్యం వచ్చింది. సాయంత్రానికి స్పీకర్ల మీద శాలువా తీసి, వాటితో కూడా విన్నాడు. "మంచి స్పీకర్లే. ఊరికే తిట్టినాను" అని వాటి నెత్తి మీద చేత్తో తుడిచాడు. నా నాటు చెవులకు మాత్రం ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

మిగతా ప్రపంచం ఆయనకు నచ్చలేదు. ఫ్రిజ్ ఇంత గోల చేస్తుందా అన్నాడు. పేపరు తిప్పితే చెవులు కోసుకుపోతున్నాయన్నాడు. కూరగాయలావిడ గేటు దగ్గర ఇన్నాళ్ళూ అరుస్తోందని తెలిసి ఆశ్చర్యపోయాడు. ఆవిడ మొదటిసారి ఒక్క కేకకే ఆయన బయటికి రావడం చూసి, ఇంట్లో ఏమైనా అయిందా అని నన్ను అడిగింది.

కాల్స్ మళ్ళీ మొదలయ్యాయి. నాకు ఎంత సంతోషమయిందంటే, చెయ్యి కొంచెం ఎక్కువ ఎత్తుకే లేపాను. సణుగుడు కూడా దానితోపాటే మొదలైంది. అది నా చేతిలో లేదు, అలవాటైన నోరు.

ఒక సాయంత్రం చీకటి పడుతుండగా పొయ్యి మీద పప్పు కలుపుతున్నాను. హాల్లోంచి కేక వచ్చింది. "గేటు?"

నేను వెనక్కి తిరగకుండా చెయ్యెత్తి, "బంద్!" అన్నాను. ఆ వెంటనే, ఎప్పటిలాగే లోగొంతుకతో, "గేటు బందే. మీ నోరే, నానొచ్చిన కాడ్నించీ బంద్ అవనేదు" అన్నాను.

'బంద్, ఆల్ రైట్' రావాలి. రాలేదు.

"నా నోటికేటయిందే?" అన్నాడు హాల్లోంచి.

గరిటె నా చేతిలో ఆగిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో నా సణుగుడికి వచ్చిన మొదటి జవాబు. తిరిగి చూసేసరికి వంటింటి గడప దగ్గర నిలబడి ఉన్నాడు. పోట్లాటకు నేను నడుము బిగించాను.

"రోజూ ఇదే అంతావేటి?" అని అడిగాడు.

"రోజూ ఇదెందుకంటాను? రోజుకోటి అంతాను."

ఆయన లోపలికి వచ్చాడు. ముక్కాలిపీట లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. ముఖంలో కోపం లేదు. మువ్వల కోసం చూసినట్టు చూస్తున్నాడు.

"ఒక్కటీ ఇన్నేదు కదే నాను" అన్నాడు. "మొదట్నించీ సెప్పు. ఏదీ ఒగ్గీకుండా సెప్పు."

నేను గ్యాస్ కట్టేసి, "బంద్" అన్నాను, చెయ్యి ఎత్తకుండా, లోగొంతుకతోనే. "బంద్" అని ఆయన తిప్పి చెప్పాడు. ఇక నేనూ ఒక పీట లాక్కుని, ఆయన మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని, పెళ్ళిచూపుల నాటి చీర రంగు దగ్గర మొదలుపెట్టాను.